తీరుబడి

పార్సిళ్లు తెచ్చే కుర్రాడి పేరు డారెన్.
ఈ వీధిలో నన్ను మొదట పేరు పెట్టి పిలిచింది అతనే.
నిరీక్షణ అనే నాలుగక్షరాలకు నోరు తిరక్క
"నీరీ" అనేవాడు.
సండర్లాండ్ యాసలో అది నీళ్లను పిలిచినట్టుండేది.

వృద్ధుల హోంలో రాత్రి డ్యూటీ నాది.
పదకొండో గదిలో మార్గరెట్ గారి దగ్గు సద్దుమణిగాక
వరండా కుర్చీలో కూర్చుని
బొటనవేలితో కొనేదాన్ని.
అవసరమై కాదు.
తెల్లవారుజాము మూడున్నరకి మేలుకుని ఉన్న మనిషికి
"మీ ఆర్డరు బయల్దేరింది" అన్న మాట
ఎవరో తనకోసం నడిచొస్తున్నట్టుంటుంది.

ఒకే రంగులో మూడు కోట్లు
(నా జీవితంలో చూసిన కోట్లు అవే).
కుండీలు లేకుండానే
కుండీల కింద పెట్టే పళ్లేలు.
అట్టపెట్టెలు మెట్ల కింద గూట్లో దాచి
సువర్ణరాజు టాక్సీ తీసుకుని వెళ్లాక
పక్కింటివాళ్ల నీలం డబ్బాలో పడేసేదాన్ని.
ఏ దొంగతనమూ చెయ్యకుండానే
దొంగనడక వచ్చేసింది నాకు.

వడ్డీ కూడా రాత్రి డ్యూటీయే చేస్తుంది.
నాకంటే బాగా. కునుకు తియ్యదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
బస్సెక్కి కార్డు ఆనిస్తే, కాదంది.
ఇంకోటి. అదీ కాదంది.
వెనకనున్న ముసలాయన
రెండు పౌండ్ల బిళ్ల నా అరచేతిలో పెట్టి
కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు, నన్ను చూడకుండా.
ఆ చూడకపోవడానికి
నేనింకా బాకీ.

ఆ రాత్రి బల్ల మీద
నాలుగు కార్డులూ పేకముక్కల్లా పరిచాను.
పదకొండు వేల నాలుగొందల పన్నెండు పౌండ్లు.
ఆయన చాలాసేపు మాట్లాడలేదు.
లేచి, చలికోటు లోపలి జేబులోంచి
ఐదో ముక్క తీసి పక్కన వేశాడు.
పన్నెండేళ్ల కాపురంలో
అంత బట్టబయలుగా ఎప్పుడూ కూర్చోలేదు మేం.
ముందు నవ్వొచ్చింది. ఏడుపు తర్వాత.

ఆపైన గొప్ప సంగతులేం జరగలేదు.
ఫోనులో దాచిన కార్డు నంబర్లు చెరిపేశాను.
కొనాలనిపించినదల్లా చర్చి కేలండరు మీద పెన్సిల్‌తో రాసి
పది రోజులు ఆగేదాన్ని.
పదకొండో రోజున చూస్తే
సగం ఎందుకు రాశానో నాకే తెలిసేది కాదు.
రాత్రి ఏడున్నరకి సూపర్‌మార్కెట్లో
పసుపు చీటీలు అంటించే లిండా వెనకాలే నడిచేవాళ్లం.
ఇరవై పెన్నీల కాలీఫ్లవర్,
రేపటితో గడువు తీరే పెరుగు.

"మనం పేదవాళ్లమా?" అడిగాడు ఏలియా.
"కాదురా, బాకీవాళ్లం" అన్నాడు వాళ్ల నాన్న.
"తేడా ఏంటి?"
జవాబు వెతుక్కుంటూ ఇంటిదాకా నడిచేశాం.
బస్సు ఖర్చు మిగిలింది.

డిసెంబరులో బాయిలర్ పోయింది.
రెండు నెలలు కూడబెట్టింది దాంతోనే పోయింది.
ఆ కసికి, ఆ చలికి
అర్ధరాత్రి ఒక ఖరీదైన దుప్పటి కొన్నాను,
తెల్లారేలోగా రద్దు చేశాను.
కొన్నప్పుడు వణకని వేలు
రద్దు చేసేటప్పుడు వణికింది.

మన మాటల్లో
అప్పు తీరాలి అంటాం, కోరికా తీరాలి అంటాం.
రెంటికీ ఒకటే క్రియ ఇచ్చిన పెద్దవాళ్లు
రెండూ ఒకేసారి తీరవని
ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదా.

నిన్న డారెన్ తలుపు కొట్టాడు.
పక్కింటివాళ్ల పెట్టె, వాళ్లు లేరట, కాస్త ఉంచమన్నాడు.
"ఇల్లు మారిపోయారనుకున్నాను, నీరీ."
"లేదు, ఇక్కడే ఉన్నాను" అన్నాను.
అన్నాక, మొదటిసారి ఆ మాట నిజమనిపించింది.
టీ తాగమంటే, ఇంకా నలభై ఇళ్లున్నాయని
పరిగెత్తాడు పాపం.

మూడు వేల చిల్లర మిగిలుంది ఇంకా.
మెట్ల కింద గూడు ఖాళీ.
పక్కింటివాళ్ల పెట్టె అందులో పెట్టబోతూ
ఏముందో అని
చెవి దగ్గర ఒక్కసారి ఊపి చూశాను.

అంతే. ఒక్కసారే.